కూల్‌డ్రింక్ కారి ల్యాప్‌టాప్ పాడైంది: షాపువాళ్లు డబ్బులిచ్చారా?

నమస్తే అండి. ఈ ఛానెల్‌లో మామూలుగా మిక్సీలు, కూలర్లు రివ్యూ చేస్తుంటాను కదా. ఈరోజు ఒక ఖాళీ బాటిల్ పట్టుకొచ్చా. నవ్వకండి, ఈ బాటిల్ నాకు 5,200 రూపాయలు ఖర్చు పెట్టించింది.

మే నెలలో అనంతపురం ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. గుత్తిలో మా అక్కవాళ్లింట్లో ఫంక్షన్. బస్టాండుకు పోతూ దారిలో ఒక సూపర్‌మార్కెట్‌లో రెండు లీటర్ల కూల్‌డ్రింక్ కొన్నా. నా బ్యాగులో ల్యాప్‌టాప్, పక్కనే కవర్లో అమ్మ ధర్మవరం పట్టుచీర. బస్సు ఊరు దాటకముందే తొడ మీద చల్లగా తగిలింది. బ్యాగు తీసి చూస్తే చీర అంచు తడిసి బంకబంకగా ఉంది, ల్యాప్‌టాప్ కీబోర్డు సందుల్లోంచి నురగ.

ల్యాప్‌టాప్ ఉన్న బ్యాగులో కూల్‌డ్రింక్ ఎవరైనా పెడతారా అని కామెంట్ పెట్టేముందు ఆగండి. షాపు మేనేజర్ కూడా అదే అన్నాడు, అమ్మ అయితే ఇంకా గట్టిగా అంది.

ఇప్పుడు బాటిల్ చూడండి. మూత, మూత కింద రింగు బాగానే ఉన్నాయి. అంటే లీకు పైనుంచి కాదు. తిప్పి అడుగు చూపిస్తా. ఇక్కడ ఐదు కాళ్లలా ఉంటాయి కదా, వాటి మధ్య భాగం లోపలికి ఉండాలి. ఇది బయటికి ఉబ్బింది. టేబుల్ మీద పెడతా చూడండి... ఊగుతోందా? ఉబ్బిన చోటే వెంట్రుకంత పగులు. ఎండలో పెడితే డ్రింక్‌లో కలిసిన గ్యాస్ బయటికొచ్చి లోపల ప్రెషర్ పెరుగుతుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. లేబుల్ మీద ఎండ తగలకుండా ఉంచమని రాసే ఉంది, జూమ్ చేస్తా.

మర్నాడు షాపుకు పోయా. మధ్యాహ్నం రెండింటికి. పేవ్‌మెంట్ మీద అవే డ్రింక్ కేసులు పేర్చి ఉన్నాయి, పైన ఒక గోనెపట్టా కూడా లేదు. ముందు నాలుగు ఫోటోలు తీసుకుని లోపలికి వెళ్లా.

"సీల్ బాటిల్ అన్నా, మాకేం సంబంధం? కంపెనీనడుగు. కావాలంటే ఇంకోటి తీస్కపో, ఫ్రీ" అన్నాడు మేనేజర్.

ఇంకో బాటిల్ ఏం చేసుకోను? నాకు పోయింది డ్రింక్ కాదు కదా. ఆ ఫ్రీ బాటిల్ తీసుకుంటే గొడవ అక్కడితో అయిపోయినట్టే అని అప్పుడు నాకు తోచింది. అందుకే తీసుకోలేదు.

మేనేజర్ మాట పూర్తిగా తప్పు కూడా కాదండోయ్. 1932లో బ్రిటన్‌లో ఒక పేరున్న కేసు, జింజర్ బీర్ సీసాలో నత్త వచ్చిందని. అక్కడ బాధ్యత తయారుచేసినవాడి మీద పెట్టారు, కేఫ్ మీద కాదు. కానీ మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో, అమ్మినవాడికీ బాధ్యత రాశారు. సరుకును చూసుకోవడంలో, భద్రపరచడంలో జాగ్రత్త తీసుకోకపోతే అమ్మినవాడు కూడా జవాబు చెప్పాలి. పైగా అందులో నష్టం అంటే ఆ సరుకు పాడవడం కాదు, దానివల్ల మన మిగతా వస్తువులు పాడవడం. నా ఫోటోల విలువ అక్కడ తెలిసింది.

1915కి ఫోన్ చేశా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. వాళ్లు షాపుకు ఫిర్యాదు పంపి సర్దుబాటు చేయడానికి చూస్తారు, అంతే. డబ్బు కట్టమని ఆర్డరు వేసే అధికారం వాళ్లకు లేదు. షాపు పలకలేదు. హెల్ప్‌లైన్‌కి 5కి 3.

తర్వాత నోటీసు. లాయర్ దగ్గరికి పోలేదు, ఒక పేజీ తెలుగులో నేనే రాశా. ఏ రోజు, ఏ బిల్లు, ఏం పాడైంది, ఎంత అడుగుతున్నా. కీబోర్డు 3,400, బోర్డు క్లీనింగ్ 1,200, చీర డ్రైక్లీనింగ్ 600. కొత్త ల్యాప్‌టాప్ అడగమని ఫ్రెండ్స్ ఎక్కించారు, కానీ నాలుగేళ్ల పాత సిస్టమ్‌కు కొత్తది అడిగితే మన మాటకే విలువ పోతుంది. 15 రోజుల్లో ఇవ్వకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని చివర రాశా. ఉత్త బెదిరింపు కాదు. సరుకుకు కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు, రెండేళ్ల లోపు ఎప్పుడైనా వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే వేయొచ్చు కూడా. స్పీడ్ పోస్ట్‌లో పంపా.

అన్నట్టు బిల్లు గురించి. ఇది చూడండి, ఇదే నా బిల్లు. ఏమైనా కనిపిస్తోందా? థర్మల్ పేపర్, మన ఎండకు రెండు వారాల్లో తెల్లకాగితం అయిపోయింది. ఆ రోజే ఫోన్‌లో ఫోటో తీసుకున్నా కాబట్టి బతికిపోయా.

పదకొండో రోజు మేనేజర్ ఫోన్ చేశాడు. "ఏందన్నా, ఇంత చిన్నదానికి నోటీసా?" అన్నాడు. చిన్నదైతే ఇచ్చేయొచ్చుగా అన్నా. బేరం నడిచింది. బ్యాగులో కలిపి పెట్టింది నేనే కాబట్టి కొంచెం తగ్గా. 4,500 ఇచ్చారు, ముట్టినట్టు సంతకం పెట్టించుకున్నారు. ఇచ్చేశారు కాబట్టి షాపు పేరు చెప్పను, అడగొద్దు. రేటింగ్ మాత్రం 5కి 2. డ్రింక్ కేసులు ఇప్పుడు ఎండలోంచి లోపలికి మార్చారు, దానికి ఇంకో అర వేసుకోండి.

ల్యాప్‌టాప్ పనిచేస్తోంది, ఈ వీడియో ఎడిటింగ్ దాంట్లోనే. చీర మీద మాత్రం జరీ దగ్గర అరచేయంత మరక అలాగే ఉంది. డ్రైక్లీనింగ్ అతను ఇంక పోదన్నాడు. "కుచ్చిళ్ల లోపలికి పోయేట్టు కట్టుకుంటాలే" అంది అమ్మ.