బిందె మెడ మీద 83

(హనుమకొండలో యువ చిత్రకారుల వస్తుచిత్రాల ప్రదర్శన ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, గోడల మీద తమ బొమ్మలు వేలాడదీసి వెనక వరుసలో నిలబడి ఉన్న పిల్లలకు నమస్కారం. వేదిక మీది వారిని పేరుపేరునా తలచుకోవడం మన ఆనవాయితీ అయినా, నాకిచ్చిన సమయం కొద్దిది కనుక ఆ మర్యాదను మనసులోనే చెల్లించి విషయానికి వస్తున్నాను. ఈ బల్ల మీద ఇత్తడి బిందె ఎందుకు పెట్టానని ఇందాకటి నుంచి ఇద్దరు ముగ్గురు అడిగారు. అది మా అమ్మది. దాని సంగతి తరువాత చెబుతాను.

ముందుగా పేరు గురించి ఒక మాట. కుండలు, పండ్లు, పూలు, సీసాలు వంటి వస్తువులను ఎదుట పెట్టుకుని వేసే చిత్రాలకు ఫ్రెంచివారు చచ్చిన ప్రకృతి అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఇంగ్లిషువారు స్టిల్ లైఫ్ అన్నారు. మనం నిశ్చల చిత్రమనీ, నిర్జీవ వస్తు చిత్రణ అనీ రాస్తూ వచ్చాం. ఈ నిర్జీవమనే మాటను నేను ఏనాడూ ఒప్పుకోలేదు. చాటకు కాలు తగిలితే వంగి కళ్లకద్దుకునే ఇళ్లలో పుట్టినవాళ్లం మనం. దసరా నాడు నాగలికి, మగ్గానికి, లారీ స్టీరింగుకు కూడా బొట్టు పెట్టే ఊళ్లు మనవి. కొత్త కుండకు పసుపు రాసి, వేపరెమ్మ చుట్టి, మీద దీపం పెడితే అది బోనమై మనిషి నెత్తికెక్కుతుంది. ఇటువంటి నేల మీద వస్తువు నిర్జీవమని పిల్లలకు నేర్పడం ఎలా మొదలైంది?

అది చిత్రకళాశాలలతో మొదలైంది. మద్రాసులో 1850లోనూ, బొంబాయిలో 1857లోనూ వచ్చిన కళాశాలలు చేతిపనివారి కన్నును, చేతిని యూరపు పద్ధతిలో తీర్చిదిద్దడానికి పుట్టినవి. అక్కడ వస్తువును ఎదుట పెట్టి వేయించడం ఒక కసరత్తు. బిందె మూతి దీర్ఘవృత్తంగా సరిగ్గా వచ్చిందా, వెలుగు ఏ వైపు నుంచి పడింది, నీడ ఎంత దూరం సాగింది అన్నవే అక్కడి ప్రశ్నలు. ఆ కసరత్తు అవసరమే, దానిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ మూడు నియమాలలో దేనిని మీరాలో, ఎందుకు మీరాలో చిత్రకారుడు తేల్చుకున్న క్షణాన భావవ్యక్తీకరణ మొదలవుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ బల్లను మన వైపు ఒరగబెట్టి దాని మీద ఆపిల్ పండ్లు నిలిపింది చేతగాక కాదు.

మన దేశంలో ఈ పని చేసినవారిలో నేను మొదట తలచుకునేది కృష్ణాజీ హౌలాజీ ఆరాను. ఆయన మన సికింద్రాబాదు పక్కనున్న బొల్లారంలో 1914లో పుట్టారు. పసితనంలోనే ఇల్లు విడిచి బొంబాయి చేరి, ఇళ్లలో పనిచేసి, కార్లు కడిగి బతికారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. ఏ కళాశాల పట్టా లేని ఆయన బొమ్మల విలువను గుర్తించింది కళా విమర్శకుడు రూడీ వాన్ లైడెన్. 1942లో తొలి ప్రదర్శన జరిగింది. 1947లో సూజా, రజా, హుసేన్, గాడే, బాక్రేలతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు అనే బొంబాయి కళాకారుల బృందాన్ని నిలిపిన ఆరుగురిలో ఆయన ఒకరు. 1952లో బాంబే ఆర్ట్ సొసైటీ బంగారు పతకం తెచ్చిపెట్టిన ఆయన చిత్రంలో ఉన్నవి రెండు కూజాలు. మిత్రులారా, రెండు కూజాలు!

ఆరా పూలపాత్రలను చూసినప్పుడల్లా నాకొకటే తోస్తుంది. ఒకరి ఇంట్లో పనికి కుదిరిన పిల్లవాడికి ఆ ఇంటి కూజా తుడవవలసిన వస్తువు, చేయి జారితే దెబ్బలు తినవలసిన వస్తువు. దానిలోని పూలు అతనివి కావు. అలాంటి పిల్లవాడు పెద్దవాడై, నీటిరంగులను కూడా తైలవర్ణాలంత చిక్కగా పూసి, కూజా పగిలేంతగా పూలను కుక్కి వేశాడంటే, ఆ చిత్రం అలంకారం కోసం వేసింది కాదని నేను గట్టిగా నమ్ముతాను. వాటి ముందు నిలబడితే ఎవరో చాలాకాలం అడగకుండా దాచుకున్నది ఒక్కసారిగా అడిగినట్టు ఉంటుంది.

గోవాలోని సాలిగావ్‌లో 1924లో పుట్టిన సూజా సంగతి వేరు. ఆయన వస్తుచిత్రాలలో చర్చి పాత్రలు నల్లని లావాటి గీతల మధ్య బిగుసుకుని కనిపిస్తాయి, చిన్ననాటి భక్తి, భయం రెండూ ఆ గీతలోనే ఉంటాయి. మధిరలో పుట్టిన మన చిత్రకారుడు సూర్యప్రకాష్ పారేసిన మోటారు వాహనాలను, తుప్పు పట్టిన ఇనుమును ఎన్నుకుని, వాడి వదిలేసిన దానిలోనూ రంగు ఎంత మిగిలి ఉంటుందో చూపారు. బీహారుకు చెందిన కళాకారుడు సుబోధ్ గుప్తా 2006లో వంటింటి స్టీలు పాత్రలతో ఒక పెద్ద కపాలాన్నే నిలబెట్టారు. వీరి గురించి వివరంగా చెప్పాలని కాగితం మీద రాసుకుని వచ్చాను.

అయితే ఈ ఉదయం ఈ హాలులో విన్న ఒక మాట ఆ కాగితాన్ని పక్కన పెట్టించింది. ఎడమవైపు గోడ మీద మూడో చిత్రం చూడండి. మేకుకు వేలాడదీసిన, చేనుకు పురుగుమందు కొట్టే పంపు. నీలిరంగు డబ్బా వెలిసి, అడుగున తెల్లని చారలు కట్టింది. ఒక పట్టీ తెగితే సుతిలితో ముడివేశారు. ఆ పట్టీలు ఖాళీగా వేలాడుతున్నా భుజాల వంపును మాత్రం వదల్లేదు. వెనక గోడకు సున్నం రంగు వేయకుండా ఆ అమ్మాయి ముదురు పసుపు పూసింది. మేకును మాత్రం ఉండవలసిన దానికంటే నాలుగింతలు వేసింది. చూడవచ్చిన పెద్దమనిషి ఒకరు, మేకు ఎక్కడైనా ఇంత ఉంటుందా, కొలత తప్పింది, అన్నారు. ఆ అమ్మాయి తలవంచుకుంది.

అయ్యా, 1997-98లో ఈ ఓరుగల్లు జిల్లాలో పురుగు పత్తిని తినేస్తే, ఆ పురుగును చంపడానికి అప్పు చేసి కొన్న మందే తాగి ఎందరు రైతులు పోయారో ఈ సభలోని పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. ఇంటి మనిషి పోయాక గోడ మీద మిగిలిన పంపును ఎవరూ తీయలేని ఇళ్లు నేను చూశాను. అక్కడ మేకు అంత పెద్దదిగానే ఉంటుంది.

కొలత తప్పిందన్న ఆ మాట వినగానే నాకు నా డ్రాయింగ్ పరీక్ష గుర్తుకు వచ్చింది. మాది పరకాల దగ్గరి పల్లె. ఒక ఏడాది విత్తనాలకు డబ్బు లేక మా నాయన ఈ బిందెను షావుకారు దగ్గర కుదువ పెట్టాడు. రెండేళ్లకు విడిపించి తెచ్చేసరికి దాని మెడ కింద మేకుతో గీకిన అంకె ఉంది, 83. ఆ కొట్టులో ఆ రెండేళ్లూ మా బిందె పేరు అది. అమ్మ చింతపండు, బూడిద వేసి రోజూ తోమేది. తోమిన కొద్దీ బిందె మెరిసేది, గీతల్లో మురికి దిగి అంకె మరింత నల్లగా తేలేది. నీళ్లు తెచ్చేటప్పుడు ఆ వైపును ఎవరికీ కనబడకుండా తన ఒంటివైపు తిప్పుకుని చంకన పెట్టుకునేది.

నాకు పదిహేనేళ్లప్పుడు డ్రాయింగ్ పరీక్షలో స్టూలు మీద ఒక బిందె, ఒక ఇటుక, రెండు వంకాయలు పెట్టారు. ఆ బిందె కొత్తది, ఒక్క గీత లేదు. నేను మూతి సరిగ్గానే వేశాను, నీడ సరిగ్గానే వేశాను, చివరికి చేయి ఆగక మెడ కింద 83 వేశాను. పర్యవేక్షకుడు వచ్చి, ఎదుట లేనిది ఎందుకు వేశావని అడిగి, నేను జవాబు చెప్పేలోపే ఆ అంకె మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టాడు. ఆ పరీక్ష నేను తప్పాను. తప్పినందుకు కాదు, ఆ ఎర్రగీత మా అమ్మ మెడ మీద పడినట్టు అనిపించినందుకు, ఆ తరువాత ఆరేళ్ల పాటు నేను కుంచె పట్టలేదు. ఆ ఆరేళ్లు నాకు తిరిగి రాలేదు.

ఈ సభలో డ్రాయింగ్ ఉపాధ్యాయులు పదిమందైనా ఉన్నారు. చేతులెత్తి అడుగుతున్నాను. దీర్ఘవృత్తం నేర్పండి, నీడ నేర్పండి, తప్పితే దిద్దండి. కానీ పిల్లవాడు ఎదుట లేనిదేదో వేస్తే, ఎర్రపెన్ను తీయకముందు పక్కన కూర్చుని, బిడ్డా, ఇదేమిటని ఒక్కసారి అడగండి. మార్కులు ఆ జవాబు విన్న తరువాత వేయండి.

ఇక ఈ బిందె. అమ్మ పోయి పదకొండేళ్లయింది. సాయంత్రం ఐదు వరకు ఈ పడమటి కిటికీ నుంచి వెలుతురు వస్తుంది. బల్ల పక్కన కాగితాలు, బొగ్గుముక్కలు పెట్టించాను. పిల్లలారా, వచ్చి బిందెను చుట్టూ తిరిగి చూడండి, మెడ కింద వేళ్లతో తడమండి, తరువాత మీకు తోచినట్టు వేయండి. అంకె ఉన్న వైపును ఈసారి నేను సభ వైపే తిప్పి పెట్టాను. మూడో చిత్రం వేసిన అమ్మాయి మొదటి కాగితం తీసుకోవాలని నా కోరిక.