52 లోంచి 27 తీస్తే 35 ఎందుకొచ్చింది?

(మండల కేంద్రంలో గణిత దినోత్సవం నాడు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, నా తోటి ఉపాధ్యాయులకు, వెనక చాపల మీద కూర్చున్న పిల్లలకు కూడా.

ఈ రోజు రామానుజన్ పుట్టినరోజు. 2012 నుంచి డిసెంబరు 22ను జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఏటా ఈ రోజున ఆయన ప్రతిభ గురించి చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి మాత్రం లెక్కల్లో వందకు 18 తెచ్చుకున్న పిల్లవాడి గురించి మాట్లాడతానని నిర్వాహకులను అడిగాను, వాళ్లు ఒప్పుకున్నారు. ఒకే తరగతి, ఒకే మాస్టారు, ఒకే పుస్తకం. ఒక అమ్మాయికి 91 వస్తే, పక్క బెంచీ కుర్రాడికి 18. ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తోంది?

నేను 32 ఏళ్లు లెక్కలు చెప్పాను. మొదట్లో అందరూ చెప్పే జవాబే నా దగ్గరా ఉండేది. ఈ అమ్మాయికి బుర్ర ఉంది, వాడికి లేదు. అది తప్పని నాకు తెలియజేసింది ఒక ఆరో తరగతి కుర్రాడు. ఒకరోజు తీసివేతలు ఇచ్చాను. 52 లోంచి 27 తీస్తే 35 అని రాశాడు. 81 లోంచి 46 తీస్తే 45. 60 లోంచి 38 తీస్తే 38. ఎర్ర పెన్నుతో మూడు ఇంటూలు కొట్టి, సున్నా వేసి కాగితం పక్కన పెట్టబోయాను. మళ్లీ ఒకసారి చూస్తే మూడింట్లోనూ ఉన్నది ఒకటే తప్పు. ఏ అంకె పైన ఉంది, ఏది కింద ఉంది అని వాడు చూడటం లేదు. ప్రతిచోటా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. పిలిచి అడిగితే, "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు కద సార్" అన్నాడు. ఒకటో తరగతిలో వాడికి చెప్పింది అదే. దాన్ని గుర్తుపెట్టుకుని, ఎక్కడా తప్పకుండా పాటిస్తున్నాడు. బుర్ర లేనివాడు ఒక నియమాన్ని అలా పట్టుకుని చివరిదాకా నడపలేడు.

పదుల దగ్గర అప్పు తెచ్చుకోవడం రెండో తరగతిలో నేర్పుతారు. ఆ రోజుల్లో వాడు బడిలో లేడు. అమ్మానాన్నలతో మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి క్లాసు ఎక్కాల్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లలో వాడి జవాబులు తప్పని చెప్పినవాళ్లు చాలామందే. ఆ ఒక్క మెట్టు దగ్గరికి వెనక్కి తీసుకెళ్లినవాళ్లు లేరు. నేనూ అప్పటికి అర్ధ సంవత్సరం తీసుకెళ్లలేదు.

మిగతా సబ్జెక్టులకూ లెక్కలకూ తేడా ఇక్కడే ఉంది. సాంఘికంలో కాకతీయుల పాఠం వినకపోయినా విజయనగరం పాఠం అర్థమవుతుంది. లెక్కల్లో తీసివేత రానివాడికి భాగహారం రాదు. భాగహారం లేకుండా భిన్నాలు లేవు. భిన్నాలు లేనివాడికి ఎనిమిదో తరగతిలో సమీకరణాలంటే బోర్డు మీద గీసిన ముగ్గు. పదో తరగతి మార్కుల జాబితాలో మనకు కనిపించే 70 మార్కుల తేడా, ఎప్పుడో రెండో తరగతిలో ఏ ఫిబ్రవరి నెలలోనో మొదలై ఉండొచ్చు.

ఇది ఒక్క కుర్రాడి కథ అనుకోకండి. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు పరీక్షించే అసర్ సర్వే మీలో చాలామందికి తెలుసు. 2024లో దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 30.7 శాతం. ఎనిమిదో తరగతిలో 45.8 శాతం. ఎనిమిదో తరగతి పుస్తకం తెరిచి చూడండి. భాగహారం వచ్చన్న నమ్మకంతోనే అందులో మొదటి పేజీ మొదలవుతుంది. సగానికి పైగా పిల్లలకు ఆ పేజీయే అందదు.

ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ మొదలైన ఆర్థికవేత్తలు ఇదే విషయం కొలిచి చూశారు. ఆరో తరగతి పిల్లలు సగటున లెక్కల్లో రెండున్నరేళ్ల పాఠం వెనకబడి ఉన్నారు. ఒకే గదిలో రెండో తరగతి స్థాయి పిల్లలూ, ఆరో తరగతి స్థాయి పిల్లలూ పక్కపక్కనే కూర్చుని ఒకే పాఠం వింటున్నారు. తర్వాత లాటరీ తీసి కొంతమంది పిల్లలకు బడి అయ్యాక కంప్యూటర్ మీద ఎవరి స్థాయి నుంచి వాళ్లకు లెక్కలు నేర్పే అవకాశం ఇచ్చారు. నాలుగున్నర నెలల్లో ఆ పిల్లలు, లాటరీ తగలనివాళ్లకంటే స్పష్టంగా ముందుకొచ్చారు. అందులో కంప్యూటర్ గొప్పతనం కంటే పిల్ల ఎక్కడుందో అక్కణ్ణుంచి మొదలుపెట్టడమే గొప్పదని నా నమ్మకం. మార్కుల తేడాకు కారణాలు చాలా ఉన్నాయి. నా లెక్కలో అన్నిటికంటే పెద్దది, పాఠం ఉన్న చోటుకూ పిల్ల ఉన్న చోటుకూ మధ్య దూరం.

ఇక ఆ దూరం ఎలా పెరుగుతుందో చూద్దాం. కొన్ని కారణాలు బడి గోడ అవతలే ఉంటాయి. మన దేశంలో ఎండలకూ మార్కులకూ సంబంధం గురించి ఒక అధ్యయనం జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లల వివరాలు కూడా అందులో వాడారు. పరీక్షకు ముందు ఏడాదిలో విపరీతమైన ఎండ కాసిన రోజులు ఎక్కువైతే పిల్లల లెక్కల మార్కులు తగ్గాయి. పరీక్ష రోజు చెమట పట్టడం కాదు ఇది. ఎండకు పంట పోయింది, ఇంట్లో రాబడి పడిపోయింది, ఆ ఇబ్బంది పిల్ల దాకా వచ్చింది. ఉపాధి హామీ పనులు నడిచిన చోట ఈ దెబ్బ తగ్గిందని కూడా వాళ్లు గమనించారు. ఉపాధి హామీ కూలికీ, లెక్కల మార్కుకూ ఏమిటి సంబంధం అని ఎవరైనా అడిగితే, ఇదీ సంబంధం. మధ్యాహ్న భోజనం సంగతీ అంతే. దేశవ్యాప్తంగా పరిశీలిస్తే, ప్రాథమిక బడిలో ఐదేళ్లు ఆ అన్నం తిన్న పిల్లల లెక్కల మార్కులు, ఏడాదిలోపే తిన్నవాళ్లకంటే 9 శాతం ఎక్కువ. అన్నం వండే అక్కలు కూడా ఈ సభలో ఉన్నారు. మీ గరిటె నా చాక్‌పీస్ కంటే తక్కువేం కాదమ్మా.

ఇప్పుడు తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే విషయానికి వస్తాను. "ప్రైవేటులో వేస్తే లెక్కలు వస్తాయా సార్?" 2008 నుంచి నాలుగేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో దీన్నే పరీక్షించారు. సర్కారు బడి పిల్లల్లో దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు లాటరీ తీసి, గెలిచినవాళ్లను ఫీజు కట్టి ప్రైవేటు బడులకు పంపారు. రెండేళ్లకూ నాలుగేళ్లకూ పరీక్ష పెడితే తెలుగులోనూ లెక్కల్లోనూ గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ తేడా లేదు. మామూలుగా చూస్తే ప్రైవేటు పిల్లలకు మార్కులు ఎక్కువగానే కనిపిస్తాయి. కానీ అందులో ఎక్కువ భాగం ఆ పిల్లల ఇళ్లలోంచి వచ్చింది. చదువుకున్న అమ్మ, కాస్త స్థిరమైన రాబడి, ట్యూషన్, సాయంత్రం కూర్చోబెట్టే మనిషి. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి, ఇంగ్లీషు, హిందీ లాంటివాటికి ఎక్కువ ఇచ్చాయి. పిల్ల మీద ఖర్చు చూస్తే సర్కారు బడిలో మూడో వంతు కూడా కాలేదు. అంటే తక్కువ గంటల్లో, తక్కువ డబ్బుతో అదే ఫలితం చూపించాయి. సర్కారు బడిలో పనిచేసిన మనిషిగా ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

భాష సంగతి మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. తెలుగులో 48ని నలభై ఎనిమిది అంటాం. నాలుగు పదులు, ఎనిమిది ఒకట్లు, పేరులోనే ఉన్నాయి. పదమూడులో పది ఉంది, మూడు ఉంది. స్థాన విలువ అనే కష్టమైన పాఠంలో సగం మన అమ్మలు అన్నం పెడుతూనే చెప్పేస్తున్నారు. ఇంగ్లీషు లెవెన్‌లో, ట్వెల్వ్‌లో పసివాడికి పది కనిపించదు. ఫిఫ్టీన్ అని చెబితే 50 అని రాసే పిల్లలు ప్రతి ఒకటో తరగతిలోనూ ఉంటారు. ఇంగ్లీషు మీడియం వద్దని నేను అనను, పిల్లలకు దాని అవసరం నాకూ తెలుసు. ఇంగ్లీషులో సంఖ్యలు నేర్పేటప్పుడు ఇంట్లో వచ్చిన తెలుగు అంకెలను తుడిచెయ్యొద్దని అడుగుతున్నాను.

మాటల లెక్కల్లో భాషే పరీక్ష అవుతుంది. రాము దగ్గర 12 గోళీలున్నాయి, అవి సీత దగ్గరున్నవాటికంటే 5 ఎక్కువ, సీత దగ్గర ఎన్ని? చాలామంది పిల్లలు 'ఎక్కువ' అన్న మాట చూడగానే కూడేసి 17 అని రాస్తారు. వాళ్లకు తీసివేత వచ్చు. వాక్యం చదవడం దగ్గరే ఆగిపోయారు. తగ్గిన మార్కు లెక్కలదా, తెలుగుదా?

కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద 2025లో వచ్చిన ఒక అధ్యయనం చదివి నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను. కిలో ఇంత అయితే ఎనిమిది వందల గ్రాములు ఎంత, చిల్లర ఎంత ఇవ్వాలి అన్నది ఆ పిల్లలు నోటితోనే తేల్చేస్తున్నారు. దాదాపు అవే లెక్కలు బడి పద్ధతిలో కాగితం మీద పెడితే చెయ్యలేకపోయారు. బడి పిల్లల పరిస్థితి సరిగ్గా ఎదురు. కాగితం మీద వచ్చింది, బేరం దగ్గర రాలేదు. అందుకే ఏ పరీక్షలో ఎన్ని మార్కులని చెబితే నాకు చాలదు. ప్రశ్న ఏ రూపంలో అడిగారో కూడా చెప్పండి అంటాను.

వయసు గురించి ఒక్క మాట. చాలా దేశాల లెక్కల పరీక్షలు పోల్చి 2006లో చూపించారు, నాలుగో తరగతిలో అందరికంటే చిన్న వయసు పిల్లలు పెద్దవాళ్లకంటే వెనకబడి ఉంటారని, ఎనిమిదో తరగతికీ కొంత తేడా మిగులుతుందని. ఆరేళ్ల వయసులో పది నెలలు చిన్న తేడా కాదు. ఐదేళ్లు నిండకుండా పుట్టిన తేదీ మార్చి బడిలో వేసే నాన్నలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

చివరగా భయం. లెక్కలంటే తమకే టెన్షన్ ఉన్న అమ్మానాన్నలు రోజూ దగ్గర కూర్చుని హోంవర్క్ చేయిస్తే, ఆ పిల్లలు ఏడాదిలో తక్కువ నేర్చుకున్నారని 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల మీద చేసిన అధ్యయనం చెబుతోంది. ప్రేమతోనే కూర్చుంటారు. కానీ విసుక్కోవడం, "నాకూ లెక్కలు వచ్చేవి కావు, నా పోలికే" అనడం పిల్ల చెవిన పడుతుంది. మీకు రాకపోతే నష్టం లేదు. "ఇది ఎలా చేశావో నాకు చెప్పు" అని అడిగి వినండి. చదువురాని తల్లి కూడా చెయ్యగలిగిన పని ఇది.

నా తోటి ఉపాధ్యాయులకు ఒక చిన్న పని తెచ్చాను. ఆ వెనక బల్ల మీద 30 జవాబు కాగితాలున్నాయి. పేర్లు చింపేశాను, అన్నీ ఆరో తరగతి తీసివేతలు, భాగహారాలు. మార్కులు వెయ్యొద్దు. ఒక్కో తప్పు జవాబు పక్కన, ఆ పిల్ల ఏమనుకుని అలా రాసిందో ఒక వాక్యం రాయండి. ఇద్దరిద్దరు కూర్చుంటే ముప్పావు గంట పడుతుంది. టీ వచ్చేలోగా మొదలుపెడదాం, పెన్నులు కూడా అక్కడే ఉన్నాయి.