ఒక క్యాసెట్టు, ఒక బ్యాండు: స్ప్రింగ్‌స్టీన్ మీద ఇద్దరు అభిమానుల వాదన

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాం. పోయిన ఎపిసోడ్ చివర అమెరికా రాక్ గాయకుడు, పాటల రచయిత బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పేరు ఎత్తి మధ్యలో వదిలేసినందుకు చాలామంది నిలదీశారు. కరీంనగర్ శ్రోత ఒకరు సూటిగా అడిగారు: ఆయన వెంట వాయించే ఇ స్ట్రీట్ బ్యాండ్ లేకపోతే స్ప్రింగ్‌స్టీన్ సగం మనిషేనా, లేక ఆయన నీడలో ఆ బ్యాండ్ బతికిందా? ఈ విషయంలో అన్నకూ నాకూ ఎప్పుడూ పడదు కాబట్టి ఈసారి మైకు ముందే వాదించుకుందామని ఆయన్ను పిలిచాను. అన్న మన ఆర్‌ఈసీ ఇంకా ఎన్ఐటీ కాని రోజుల్లో, హాస్టల్ గదిలో ఒక క్యాసెట్టు నుంచి ఇంకో క్యాసెట్టుకు ఎక్కించుకొని ఈ పాటలు విన్న తరం.

అతిథి: నమస్కారం తమ్ముడూ. నా పక్షం ముందే చెప్పేస్తాను, తర్వాత తిప్పి మాట్లాడానని అనొద్దు. బ్యాండ్ గొప్పదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆయన చేసిన వాటిలో అన్నింటికన్నా పై మెట్టు మీద నేను నిలబెట్టే 'నెబ్రాస్కా' ఆల్బమ్‌లో ఆ బ్యాండ్ మచ్చుకు కూడా లేదు. ఒక్క మనిషి, ఒక గిటారు, ఒక మౌత్ ఆర్గాన్, ఒక క్యాసెట్టు రికార్డరు, అంతే. బ్యాండ్ లేకుండా అంత లోతుకు దిగగలిగినవాణ్ని సగం మనిషి అని ఎట్లా అంటాం?

వ్యాఖ్యాత: అయితే అక్కడే మొదలుపెడదాం. ఆ రికార్డింగ్ ఎట్లా జరిగిందో తెలియని శ్రోతల కోసం కొంచెం వివరంగా చెప్పండి.

అతిథి: 1982 జనవరి 3న, న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్ అనే ఊళ్ళో, ఆయన అద్దెకున్న ఇంటి పడకగదిలో ఆ పాటల్లో ఎక్కువ భాగం రికార్డయ్యాయి. వాడింది టియాక్ 144 అనే నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రం. మామూలు క్యాసెట్టులో ఒక వైపు రెండు ట్రాకులు, రెండో వైపు రెండు ట్రాకులు ఉంటాయి కదా, ఈ యంత్రం ఆ నాలుగింటినీ ఒకే దిశలో ఒకేసారి వాడుకుంటుంది. గొంతుకు ఒకటి, గిటారుకు ఒకటి పోగా మిగిలేవి రెండే. మౌత్ ఆర్గాన్, రెండో గొంతు, ఇంకో గిటారు, ఏది కలపాలన్నా ఆ రెండింటిలోనే సర్దుకోవాలి. ఇల్లు చిన్నదైతే సామాను తగ్గించుకుంటాం చూడు, ఆ ఆల్బమ్‌లో మనం మెచ్చుకునే ఖాళీలో కొంత ఆ యంత్రం పెట్టిన హద్దు వల్ల వచ్చిందే. ఆ తర్వాత దాన్ని ఎకో యంత్రం గుండా పంపి, ఒక పాత పానసోనిక్ టేప్ రికార్డర్‌లోకి మిక్స్ చేశారు. అట్లా తయారైన క్యాసెట్టును కొన్ని వారాల పాటు డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకొని తిరిగారు.

వ్యాఖ్యాత: బాగా చెప్పారు, కానీ అసలు ముడి విప్పకుండా పక్కన పెట్టేశారు. ఆ క్యాసెట్టు ఎందుకు చేశారు? విడుదల చేయడానికి కాదు. స్టూడియోలో అద్దె లెక్కపెట్టుకుంటూ పాటలు రాసుకోవడం మానేసి, పాటలు ముందే సిద్ధం చేసుకొని బ్యాండ్‌కు నేర్పడానికి చేసిన డెమో అది. అంటే ఆయన ఒంటరిగా కూర్చున్న గదిలో కూడా బ్యాండ్ ఉంది, వినబోయేవాళ్ళుగా ఉంది. ఆ వసంతంలో న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోలో రాయ్ బిట్టన్, డానీ ఫెడరిచీ, గ్యారీ టాలెంట్, మ్యాక్స్ వైన్‌బర్గ్, క్లారెన్స్ క్లెమన్స్, స్టీవీ వాన్ జాంట్, ఈ ఆరుగురితో కలిసి ఆయన అవే పాటలు వాయించి చూశారు. ఎంత వాయించినా క్యాసెట్టులో ఉన్నది స్టూడియోలోకి రాలేదు. చివరికి ఆ జేబులో క్యాసెట్టునే ఆల్బమ్‌గా వేద్దామని తేల్చుకున్నారు. ఇంటి యంత్రంలో తక్కువ స్థాయిలో రికార్డయిన శబ్దాన్ని ఎల్పీ మీదకు ఎక్కించడానికి ఇంజనీర్లు నానా తంటాలు పడ్డారు, అది వేరే కథ. 1982 సెప్టెంబర్ 30న ఆల్బమ్ వచ్చింది. నా ప్రశ్న ఇది: బ్యాండ్ వాయించి చూడకపోతే ఆ క్యాసెట్టు అప్పటికే పూర్తయిందని ఆయనకు తెలిసేదా?

అతిథి: ఇది వకీలు వాదన తమ్ముడూ. ఓడిపోయినవాణ్ని పట్టుకొని, నువ్వు ఓడిపోబట్టే అవతలివాడు గెలిచాడు, కాబట్టి గెలుపులో నీకూ వాటా ఉందని అంటున్నావు.

వ్యాఖ్యాత: ఓడిపోలేదు కదా అన్నా! అవే వారాల్లో, అదే స్టూడియోలో, అదే మనుషులు 'బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.' పాట వాయించారు. 1984 జూన్‌లో వచ్చిన ఆల్బమ్‌కు మొదటి పాట అదే. ఆ ఆల్బమ్ నుంచి ఏడు పాటలు అమెరికా టాప్ 10లోకి వెళ్ళాయి. ఒకే గదిలో, ఒకే నెలలో, ఒక పాటను బ్యాండ్ మోయలేకపోయింది, ఇంకో పాటను ఆకాశానికి ఎత్తింది. బ్యాండ్ కావాలా వద్దా అని ఏకమొత్తంగా అడగడంలోనే తప్పుందని నేనంటాను. అడగాల్సింది ఏ పాటకు అని.

అతిథి: సరే, ఆ పాట మాటే తీసుకుందాం, ఎందుకంటే ఈ వాదన మొత్తానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. ఇప్పుడు ఆ పాట మన చేతిలో మూడు రూపాల్లో ఉంది. మొదటిది కోల్ట్స్ నెక్ గదిలో ఒంటరిగా పాడినది. అది 1998లో వచ్చిన 'ట్రాక్స్' అనే 66 పాటల బాక్స్ సెట్‌లో బయటపడింది. రెండోది 2025 అక్టోబర్‌లో వచ్చిన 'నెబ్రాస్కా 82' విస్తృత సంచికలో ఉంది. అందులో కీబోర్డులు పక్కన పెట్టి, గిటారు, బేస్, డ్రమ్స్ ముగ్గురే వాయించారు. మూడోది లోకమంతా విన్నది. మొదటి రూపం వింటే ఒక్కటే సంగతి అర్థమవుతుంది: వియత్నాం నుంచి తిరిగొచ్చిన మనిషికి పని లేదు, దిక్కు లేదు. ఆ గొంతులో పొగరు లేదు, గుడ్లలో నీళ్ళు ఇంకిపోయిన మనిషి గొంతు అది. మూడో రూపంలో ఏం జరిగింది? డ్రమ్మర్ వైన్‌బర్గ్ స్నేర్ డ్రమ్ దెబ్బ తుపాకీ పేలినట్టు ఉంటుంది, దాని మీద బిట్టన్ సింథసైజర్ బూర ఊదినట్టు అదే వరుసను మళ్ళీ మళ్ళీ వాయిస్తుంది. జనం చరణాలు వదిలేసి పల్లవి పట్టుకున్నారు. 1984 సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీలోని హామంటన్ ఎన్నికల సభలో స్ప్రింగ్‌స్టీన్ పేరు తన ఆశల సందేశానికి తోడు తెచ్చుకున్నాడంటే, ఆ పాట చుట్టూ అలుముకున్న ఉత్సాహం ఎంత పని చేసిందో చూడు. బ్యాండ్ ఆ పాటను మోసింది, నిజమే, కానీ తప్పుడు ఊరికి మోసుకెళ్ళింది.

వ్యాఖ్యాత: ఇక్కడ నేను ఒప్పుకోను. ఒంటరి రూపంలో ఉన్నది దుఃఖం ఒక్కటే. ఆ మనిషికి కోపం లేదా? తనను పంపిన దేశం మీద అరవాలని ఉండదా? ఆ అరుపు వైన్‌బర్గ్ దెబ్బలో ఉంది. పాట చివరికి వచ్చేసరికి డ్రమ్స్ అదుపు తప్పి, అన్నీ ఒక్కసారిగా కూలిపోతున్నట్టు వాయించి, మళ్ళీ లేచి నిలబడతాయి. ఆ చోటు ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వినండి. అది జెండా ఊపేవాడి సంబరం కాదు. వినేవాడు చరణం వినకపోతే వాయించినవాడు ఏం చేస్తాడు? మన ఒగ్గు కథలో మల్లన్న కథ చెప్పే ప్రధాన కథకుడి వెనుక వంత పాడేవాళ్ళు ఊరికే పల్లవి తిప్పరు. మధ్యలో అడ్డం వస్తారు, అడుగుతారు, ఉసిగొల్పుతారు, డోలు దెబ్బతో కథను ముందుకు నెడతారు. వంత గట్టిగా ఉందని కథ తప్పుగా అర్థమైందంటే, నేరం వంతది కాదు.

అతిథి: ఒగ్గు కథలో కథ అందరికీ ముందే తెలుసు తమ్ముడూ, అక్కడ మల్లన్నను తప్పుగా అర్థం చేసుకునే భక్తుడు ఉండడు. ఐనా నీ మాటలో కొంత పస ఉంది. ముగ్గురు వాయించిన రూపం వినేదాకా నాకూ ఆ కోపం సంగతి అంతగా తట్టలేదు. సింథసైజర్ తీసేస్తే డ్రమ్స్ అరుపు అరుపుగానే వినబడుతోంది, ఊరేగింపుగా వినబడటం లేదు. అంటే నాకు అభ్యంతరం బ్యాండ్ మీద కాదేమో, ఆ ఒక్క వాద్యం మీదేమో.

వ్యాఖ్యాత: దీన్ని నేను రికార్డు చేసి పెట్టుకుంటున్నాను. ఇప్పుడు పవర్ స్టేషన్‌లో బ్యాండ్ వాయించిన ఆ టేకులను పిలిచే 'ఎలక్ట్రిక్ నెబ్రాస్కా' అనే మాటకు వద్దాం. ఏళ్ళ తరబడి అభిమానులు దీని గురించి పురాణాలు అల్లుకున్నారు. బ్యాండ్ మొత్తం ఆల్బమ్‌ను వాయించిందనీ, అది భలే కరుకుగా వచ్చిందనీ 2010లో వైన్‌బర్గే ఒక ఇంటర్వ్యూలో చెప్పడంతో ఆ నమ్మకం గట్టిపడింది. తమాషా ఏమిటంటే 2025లో ఒక పత్రిక అడిగితే స్ప్రింగ్‌స్టీన్ మొదట అలాంటిదేమీ లేదన్నారు. తర్వాత తన భాండాగారంలో వెతికించి చూసుకొని, ఉందని ఆ విలేకరికే కబురు పెట్టారు. చేసినవాడే మర్చిపోయిన దాన్ని అభిమానులు నలభై ఏళ్ళు గుర్తుపెట్టుకున్నారు.

అతిథి: అభిమానులు గుర్తుపెట్టుకున్నది వేరు, దొరికింది వేరు. విస్తృత సంచికలోని ఆ డిస్కు మీద వచ్చినవి ఎనిమిది పాటలు. వాటిలో 'డౌన్‌బౌండ్ ట్రైన్', 'బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.' అసలు 'నెబ్రాస్కా'లో లేనివే. 'హైవే పెట్రోల్‌మన్' బ్యాండ్ రూపం ఆ డిస్కులో లేదు. ఒక స్టూడియోలో కొన్ని రోజులు వెతుకులాడి వదిలేసిన టేకులకు అభిమానులు ముందే ఆల్బమ్ అని పేరు పెట్టేశారు, కంపెనీ ఆ పేరునే అట్ట మీద వేసింది. వినడానికి బాగుంది, కాదనను. ముఖ్యంగా 'డౌన్‌బౌండ్ ట్రైన్' పరుగు చూస్తే, తర్వాత 1984లో వచ్చిన మందకొడి రూపం ఇదే పాటా అనిపిస్తుంది. కానీ టైటిల్ పాట 'నెబ్రాస్కా' దగ్గర ఎందుకు ఆపేశారో తెలిసిపోతుంది. 1958లో జరిగిన హత్యల్ని హంతకుడే చెబుతున్న పాట అది. చెప్పేవాడికి తోడు ఎవరూ ఉండకూడదు. వెనుక ఎంత మెల్లగా వాయించినా, గదిలో ఇంకో మనిషి ఉన్నాడని తెలియగానే ఆ భయం సగం దిగిపోతుంది.

వ్యాఖ్యాత: ఇందులో నాకు పేచీ లేదు. కానీ అదే ఆల్బమ్‌లోని 'అట్లాంటిక్ సిటీ'? 1984 నుంచి వేదికల మీద బ్యాండ్ ఆ పాట వాయిస్తూనే ఉంది, అది బ్యాండ్ పాటగా ఎదిగింది. 1982లో కుదరనిది తర్వాత కుదిరింది.

అతిథి: వేదిక మీద కుదరడం వేరు. అక్కడ వేలమంది ఒకేసారి పాడుతుంటే ఆ పాటకు వేరే ప్రాణం వస్తుంది.

వ్యాఖ్యాత: పెద్దపల్లి నుంచి ఒక శ్రోత ఇంకో కోణం తెచ్చారు. 2025 జూన్‌లో వచ్చిన 'ట్రాక్స్ 2: ది లాస్ట్ ఆల్బమ్స్'లో ఏడు ఆల్బమ్‌లు, 83 పాటలు ఉన్నాయి. వాటిలో చాలావరకు ఇ స్ట్రీట్ బ్యాండ్ పూర్తిగా కూర్చొని వాయించినవి కావు. గ్యారేజీలో ఒంటరిగా చేసినవి ఉన్నాయి, డ్రమ్ లూపుల మీద, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగే దరువు ముక్కల మీద కట్టినవి ఉన్నాయి, తెరకెక్కని సినిమా కోసం చేసినవి ఉన్నాయి. దాచిపెట్టినవన్నీ బ్యాండ్ లేనివైతే, బ్యాండ్ ఉన్నప్పుడే ఆయనకు ధైర్యం వచ్చేదనుకోవాలా అని అడుగుతున్నారు.

అతిథి: మంచి ప్రశ్న, కానీ లెక్క తప్పుతుంది. బ్యాండ్‌తో చేసి దాచినవి తక్కువేమీ కాదు. 1979లో 'ది టైస్ దట్ బైండ్' అనే పది పాటల ఆల్బమ్‌ను బ్యాండ్‌తో పూర్తిచేసి కంపెనీకి ఇచ్చి మరీ వెనక్కి తీసుకున్నారు. అదే పెరిగి 1980లో రెండు ఎల్పీల 'ది రివర్' అయింది. అంతకుముందు 1978 ఆల్బమ్ కోసం బ్యాండ్‌తో చేసి వదిలేసిన పాటలు 2010లో 'ది ప్రామిస్'గా వచ్చాయి. ఆ కాలపు పాటే 'బికాజ్ ది నైట్' పాటీ స్మిత్ చేతికి వెళ్ళి 1978లో హిట్టయింది. బాగా రాలేదని దాచలేదు తమ్ముడూ. ఒక ఆల్బమ్ ఒకే సంగతి చెప్పాలని పట్టుబట్టే మనిషి, ఆ సంగతిలో ఇమడని పాటను అది ఎంత మంచిదైనా బయట పెట్టేస్తాడు. బ్యాండ్ ఉన్నా అంతే, లేకున్నా అంతే.

వ్యాఖ్యాత: అట్లా బయట పెట్టినప్పుడల్లా ఆ పాట మీద వారాలు వాయించినవాళ్ళ కష్టం కూడా పెట్టెలోకి వెళ్ళింది. అట్ట మీద పేరు చూడండి. స్టూడియో ఆల్బమ్‌ల మీద దశాబ్దాల పాటు ఒక్క స్ప్రింగ్‌స్టీన్ పేరే ఉంది. 1986లో వచ్చిన లైవ్ బాక్స్ సెట్ మీద బ్యాండ్ పేరూ వేశారు. 1989లో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇక మీతో పని లేదన్నారు. 1999లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆయన ఒక్కరే వెళ్ళారు. బ్యాండ్‌కు ఆ గౌరవం 2014లో దక్కింది. అప్పటికి ఫెడరిచీ పోయి ఆరేళ్ళు, క్లెమన్స్ పోయి మూడేళ్ళు. పాట రాసినవాడికి పెద్దపీట వేయొద్దని నేననను, కానీ ఇది ఆలస్యం కాదా?

అతిథి: ఆలస్యమే. దీన్ని సమర్థించడానికి నా దగ్గర మాట లేదు. 1999లో ఆయన పక్కన వాళ్ళనూ నిలబెట్టి ఉంటే సభ నిండుగా ఉండేది. అయితే గౌరవం వేరు, రచన వేరు. ఫెడరిచీ ఆర్గాన్ లేకపోతే ఆ పాటల్లో సముద్రపు ఒడ్డు జాతర వాసన పోతుంది, అది నేనూ చెబుతాను. అంతమాత్రాన పాట ఫెడరిచీది కాదు.

వ్యాఖ్యాత: పాట ఫెడరిచీది కాకపోవచ్చు, వినేవాడి చెవిలో మిగిలే శబ్దం ఫెడరిచీది. ఇద్దరం దీని మీద కలిసేలా లేము. కొత్తగా వినబోయేవాళ్ళకు ఏ వరుస చెబుతారు?

అతిథి: ముందు 'నెబ్రాస్కా' అసలు ఆల్బమ్ మొదటి నుంచి చివరి వరకు వినాలి, పాటలు దాటేయకుండా. రెండోరోజు 1998 నాటి ఒంటరి 'బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.', దాని వెంటనే ముగ్గురు వాయించినది, ఆ తర్వాత 1984 నాటిది. బ్యాండ్ టేకుల డిస్కు అన్నిటికన్నా చివర.

వ్యాఖ్యాత: నేనైతే తిరగేస్తాను. ముందు బ్యాండ్ టేకులు విని, ఆ శబ్దం చెవిలో ఉండగానే క్యాసెట్టు రూపానికి వెళ్ళండి. ఆయన 1982లో విన్న క్రమం దాదాపు అదే కదా, స్టూడియో నుంచి వెనక్కి జేబులోకి.

అతిథి: ఆయన విన్న క్రమం అది కాదు, క్యాసెట్టే ముందు.

వ్యాఖ్యాత: తేల్చుకున్న క్రమం అంటున్నాను అన్నా. రెండు వరుసల్లో ఏది పనిచేసిందో శ్రోతలే విని రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో 'ది టైస్ దట్ బైండ్' పది పాటలనూ 'ది రివర్' పక్కన పెట్టి మాట్లాడుకుందాం. ధన్యవాదాలు.