మధ్య బిళ్ళ తిరిగిన పది రూపాయలు ఎర్రర్ కాదు, ఎవడో సుత్తితో కొట్టిన దెబ్బ!

ముందే చెప్పేస్తున్నాను, కోపం వస్తే వీడియో ఆపేసి వెళ్లిపోండి. మధ్య బిళ్ళ పక్కకి తిరిగిన పది రూపాయల నాణెం విలువ పది రూపాయలు. ఐదు లక్షలు కాదు, ఐదు వందలు కూడా కాదు. పది!

పోయిన వారం ఆ రీల్ మీరంతా చూసే ఉంటారు. సింహాలు పక్కకి ఒరిగిన పది రూపాయల బిళ్ళ పట్టుకుని ఒకాయన "మింట్ ఎర్రర్, ఐదు లక్షలు" అంటాడు. అంటే మింట్‌లో, నాణేలు కొట్టే ఫ్యాక్టరీలోనే, పొరపాటున అలా తయారైందట. అది దెబ్బతిన్న బిళ్ళ బాబూ అని కింద ఒక కామెంట్ పెట్టిన పాపానికి మూడు రోజులుగా నాకు తిట్లే తిట్లు. "నీ దగ్గర లేదని కుళ్ళు" అట. సరే, కుళ్ళే అనుకోండి. కుళ్ళుతోనే చెప్తాను, వినండి.

ఈ బిళ్ళలో బయట పసుపు రింగ్ అల్యూమినియం బ్రాంజ్. లోపలి తెల్ల బిళ్ళ వేరే లోహం. మింట్‌లో ఈ రెండూ బొమ్మ లేకుండా, ఉత్తవిగా, ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. అప్పుడు ప్రెస్ కింద దెబ్బ పడుతుంది. ఆ దెబ్బకే మధ్యలో సింహాలు, రింగ్ మీద 'భారత్', 'ఇండియా' అన్నీ పడతాయి. ఆ దెబ్బకే రెండు లోహాలు బిగుసుకుంటాయి. సింహాలు, అక్షరాలు అన్నీ చెక్కింది ఒకే అచ్చు మీద. మరి సింహాలు మాత్రమే ఎలా ఒరుగుతాయి? ఆఫీసులో రబ్బరు స్టాంపు వంకరగా కొడితే స్టాంపు మొత్తం వంకరగా పడుతుంది. మధ్యలో పేరు ఒక్కటే వంకరగా పడిన స్టాంపు మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

ఒరిజినల్ ఎర్రర్‌లో మధ్య బిళ్ళ సరిగ్గా కూర్చోక రింగ్ వైపు జరిగిపోవచ్చు. అప్పుడు కూడా బొమ్మ మాత్రం ఆ అతుకు మీదుగా తెగకుండా సాఫీగా వెళ్లిపోతుంది. ఎందుకంటే బొమ్మ పడింది తర్వాత కదా! అతుకు దగ్గర బొమ్మ తెగి పక్కకి జరిగిందంటే మింట్ గేటు దాటాకే ఎవడో చెయ్యి పెట్టాడు.

ఇదిగో, గాజువాక నుంచి ఒక తమ్ముడు కొరియర్‌లో పంపాడు. కెమెరా దగ్గరికి పెడుతున్నాను. అతుకు చుట్టూ సన్నటి మెరుపు గీత కనిపిస్తోందా? అది కొత్తగా గీరుకున్న లోహం. మిగతా బిళ్ళంతా జేబుల్లో నలిగి మాసిపోయి ఉంటే, ఆ గీత ఒక్కటే తళతళలాడుతోంది. సింహం ముక్కు చూడండి, చదును. సుత్తి అక్కడే పడింది. గోరుతో తోస్తే... అదిగో, తిరుగుతోంది! సైకిల్ బెల్లు మూతలా తిరుగుతోందయ్యా బాబూ!

ఇంకో మాట. మామూలు పది రూపాయల బిళ్ళ ఇస్తే మన వైజాగ్ జగదాంబ జంక్షన్‌లో ఆటో ఆయన ఏమంటాడు? "ఇది సెల్లదు బాబూ, నోటు ఇయ్యి." పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పినా వినడు. అదే బిళ్ళని సుత్తితో కొడితే మాత్రం ఐదు లక్షలా? మంచిది చెల్లదు, చెడగొట్టింది లక్షలు!

ఇప్పుడు నా థియరీ. ఆ రీల్ చూసి జనం ఎర్రర్ బిళ్ళలు వెతకట్లేదు, తయారు చేస్తున్నారు. స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్ ఉన్న ఊరు మనది. ఇనప సామాను బిగించి పట్టే బెంచ్ వైస్ లేని వీధి ఉందా? మా నాన్న ఫిట్టర్, వైస్ దవడల మధ్య నలిగిన వస్తువు ఎలా ఉంటుందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. రూపాయి బిళ్ళలు రెండు కలిపి వైస్‌లో బిగిస్తే ఒకదాని బొమ్మ ఇంకోదాని మీద తిరగేసి లోపలికి గుచ్చుకుంటుంది. దాన్ని పట్టుకుని "అద్దం బొమ్మ ఎర్రర్" అంటున్నారు. ఒరిజినల్‌ అద్దం బొమ్మ వేరు. ముందు కొట్టిన బిళ్ళ అచ్చుకే అతుక్కుపోయి, తర్వాతి ఉత్త బిళ్ళ మీద తన బొమ్మే దించుతుంది. అక్కడ కింద పాత బొమ్మ ఉండదు. వైస్ సరుకులో పాత బొమ్మ నలిగి ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

నవ్వకండి, నేనూ మోసపోయాను. ఐదేళ్ల కింద రెండు వైపులా సింహాలే ఉన్న రూపాయి ఒకటి పదిహేను వందలకి కొన్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు ఆనందంతో. పొద్దున్నే చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. 'టంగ్' అనాలి కదా, 'టప్' అంది. భూతద్దం పెడితే అంచుకి లోపలి పక్కన వెంట్రుక మందం గీత, చుట్టూ గుండ్రంగా! ఒక బిళ్ళని లేత్ మీద తొలిచి, ఇంకోదాన్ని అరగదీసి అందులో దిగ్గొట్టారు. గారడీ వాళ్ల బిళ్ళ. నా పదిహేను వందలు గోవిందా.

ఇలాంటి బిళ్ళ కొంటామని ఫోన్ చేసి ముందు ట్యాక్స్, కమీషన్ కట్టమంటే పెట్టేయండి ఫోన్. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి కూడా అడుగుతున్నారు. మేం పాత నాణేల బేరం చేయం, కమీషన్ అడగం అని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది.

సరే, తిట్టింది చాలు. ఎర్రర్ అంటే ఎలా ఉంటుందో చూపిస్తాను. పూర్ణా మార్కెట్‌లో నిమ్మకాయలు కొంటే చిల్లరలో వచ్చింది ఈ స్టీల్ రూపాయి. బిళ్ళ మీద సంవత్సరం అంకెల దిగువన నక్షత్రం ఉంది, అంటే హైదరాబాద్ మింట్. పక్కన చంద్రవంకలా ఒక ముక్క లేదు. రేకులోంచి ఉత్త బిళ్ళలు కోసేటప్పుడు రేకు సరిగ్గా జరగకపోతే, కత్తెర ముందు కోసిన కన్నం మీద పడుతుంది. అలా పుట్టింది ఇది.

"గ్రైండర్‌తో నేనూ కోస్తాను" అంటారు కదా? కోయండి. మీరు కోస్తే అక్షరం టక్కున తెగుతుంది. ఇక్కడ అక్షరం కోత వైపు సాగి, పల్చబడి, కరిగిపోయినట్టు ఉంది. ఇప్పుడు కోతకి సరిగ్గా ఎదుటి అంచు చూడండి. చుట్టూ ఉబ్బెత్తుగా ఉండాల్సిన గట్టు అక్కడ లేదు! ప్రెస్ కిందికి వెళ్లకముందే ఉత్త బిళ్ళని దొర్లించి గట్టు లేపుతారు. ఒక పక్క ముక్క లేకపోతే ఎదుటి పక్క ఒత్తిడి అందదు, గట్టు లేవదు. బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు దీన్ని. మీ గ్రైండర్ ఇటు కోస్తుంది, అటు గట్టు ఎలా మాయం చేస్తుంది?

మొన్న ఒకాయన దీనికి ఎనిమిది వందలు ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. గాజువాక తమ్ముడూ, నీ బిళ్ళ రేపు కొరియర్‌లో వెనక్కి పంపుతున్నాను. కొరియర్ ఖర్చు అరవై రూపాయలు, బిళ్ళ ఖరీదు పది.