చెప్పుల డబ్బాలో అడవి: ఫోన్-ఇన్

యాంకర్: పిల్లలతో జంతువుల ఇండ్లు చేయించుడు గురించి రిటైర్డ్ జీవశాస్త్రం సార్ చెప్తున్నరు. హలో, ఎక్కడి నుంచి?

కాలర్: నర్సంపేట. వినొస్తుందా? నమస్తే సార్. మా బాబు మూడో తరగతి. సోమారం కల్లా చెప్పుల డబ్బాల అడవి చేసుకొని రమ్మన్నరు. బొమ్మలు తెచ్చిన. సింహం, జిరాఫీ, ఇంకొకటి తెల్ల ఎలుగు. చెట్లకు పుల్లలు అంటియ్యంగనే ఊడుతున్నయ్. ఏ గమ్ము మంచిది సార్?

సార్: గమ్ము తర్వాత. ముందు అది ఏ అడవమ్మా?

కాలర్: అడవే సార్, మామూలు అడవి.

సార్: మామూలు అడవని ఏడుంటదమ్మా? సింహం గుజరాత్‌ల గిర్‌ల ఉంటది. జిరాఫీ ఆఫ్రికాది, తెల్ల ఎలుగు ఉత్తర ధ్రువం కాడి మంచు మీద. మూడూ ఒక్క డబ్బాలైతే అది బొమ్మల దుకాణం.

కాలర్: (నవ్వుతూ) మా ఆయన గూడ గట్లనే అన్నడు. ఆయనకు తీరదు సార్, పొద్దంత షాపుల్నే. పైసలు వెట్టి కొంటి గద, మరి...

సార్: మీకు పాఖాల దగ్గరే గదా?

కాలర్: బండి మీద పోతం సార్.

సార్: 1213ల గణపతిదేవుని కాలంల కట్టిన చెరువు, సుట్టూ అడవి. దాన్నే చేయించుండ్రి. చెరువు మట్టి పిసికి డబ్బా అడుగున పరువుండ్రి. పచ్చిగున్నప్పుడే పుల్లలు గుచ్చితే గమ్ముతో పనే లేదు. ఒక పక్క గుంత చేసి నీళ్ళు చూపియ్యుండ్రి. బొమ్మను మాత్రం ఆఖర్న పెట్టాలె. దుప్పి ఏం తింటది, ఏడ తాగుతది, ఎండకు ఏడ నిలబడతది, పులొస్తే ఏడ దాగుతది? ఇవన్నీ పిల్లగాడే డబ్బాల ఏలు పెట్టి చూపియ్యాలె. చూపిస్తేనే దుప్పి లోపలికి.

కాలర్: మంచిది సార్. సింహాన్ని ఒక మూలకు పెట్టచ్చా?

సార్: అమ్మా!

కాలర్: సరే సరే. మరి గమ్ము...

సార్: మట్టి పచ్చిగున్నప్పుడు గుచ్చుమన్న గదమ్మా.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాత హనుమకొండ.

కాలర్: టీచర్‌ను సార్. గిజిగాని గూడు తెంపి క్లాసుల చూపియ్యచ్చా?

సార్: చెట్టుకున్నది ముట్టద్దు. లోపల గుడ్లుంటే? కింద రాలింది తెచ్చుకోండి. దాన్ని మగపిట్ట అల్లుతది, ఆడపిట్టకు నచ్చితేనే సంసారం. పిల్లలకు తాటాకు చీలికలిచ్చి, రెండు వేళ్ళతోనే అల్లుమనండి. పిట్టకు చేతుల్లేవు, ముక్కే. పది నిమిషాలల్ల వాళ్ళకే తెలుస్తది. మళ్ళ చెప్తున్న, బొమ్మపిట్ట ఆఖర్న.

యాంకర్: మంచిర్యాల, తొందరగా చెప్పండి.

కాలర్: పాము ఇల్లని మా బిడ్డ పుట్ట చేస్తుంది సార్, మట్టితోని...

సార్: పుట్ట పెట్టేది చెదలమ్మా. పాము ఖాళీ జాగ చూసుకొని దూరుతది, అంతే. ముందు చెదలను పెట్ట...

యాంకర్: లైన్ కట్టయింది. ఆఖరి కాల్. హలో?

కాలర్: నర్సంపేట సార్, ఇందాకటిదాన్నే. బాబు అడుగుతుండు, తెల్ల ఎలుగును ఫ్రిజ్ల పెట్టచ్చా అని.

సార్: (నవ్వు) పైన మంచు గడ్డకట్టే అరల పెట్టుమనుండ్రి. ఎలుగు ఎట్లుందో అని ఊకూకె డోర్ తీయద్దని చెప్పుండ్రి.