వార్డంతా నడిచాకే నామినేషన్

మిత్రులారా, నమస్కారం.

ఈ హాల్లో కొందరు నగరపాలక మండలికి పోటీ చేద్దామని అనుకుంటున్నారు. ఇంకొందరు అలా పోటీ చేసేవాళ్ళ వెంట తిరగబోతున్నారు. మీ అందరికీ చెప్పాలనుకున్నది ఒకటే: నామినేషన్ వేసే నాటికి వార్డులో మీరు ఎక్కని గుమ్మం ఉండకూడదు. పార్లమెంటుకు పోటీ చేసేవాళ్ళకు అది సాధ్యం కాదు. కౌన్సిల్ సీటుకు సాధ్యం. అంత మంచి వీలు చేతిలో పెట్టుకుని, ఉన్న డబ్బంతా ఫ్లెక్సీల మీద పోసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అయితే వార్డు అన్ని ఊళ్ళలోనూ ఒకే సైజులో ఉండదు. షికాగోలో 50 వార్డులు, ఒక్కోదాంట్లో యాభై వేల పైచిలుకు జనం. అంతకంటే పెద్ద నగరమైన లాస్ ఏంజెలస్‌లో ఉన్నవి 15 సీట్లే, అంటే ఒక్కో సభ్యుడి కింద దాదాపు రెండున్నర లక్షల మంది. న్యూయార్క్‌లో 51 సీట్లు, ముంబైలో 227, గ్రేటర్ హైదరాబాద్‌లో 2020 ఎన్నికల నాటికి 150. యాభై వేల జనాభా ఉన్న వార్డును పట్టుదల ఉన్న మనిషి ఏడాదిలో ఇంటింటికీ తిరిగి రావచ్చు. రెండున్నర లక్షలంటే వీధికొకరు ఉండే జట్టు కావాలి. ముందు ఈ లెక్క తేల్చుకోండి. హద్దుల మీద కూడా కన్నేసి ఉంచండి. కెనడాలోని టొరంటోలో 2018లో ఎన్నికల ప్రచారం నడుస్తుండగానే అక్కడి ఆంటారియో రాష్ట్ర ప్రభుత్వం సీట్లను 47 నుంచి 25కు కుదించింది. ఢిల్లీలో 2022లో 272 వార్డులు 250 అయ్యాయి. మన దేశంలోనైతే దీనికి తోడు రిజర్వేషన్ మారుతుంది, మీ వార్డులో మీరే నిలబడలేకపోవచ్చు. పక్క వార్డులోనూ నలుగురితో పరిచయం ఉన్నవాళ్ళే అప్పుడు నిలదొక్కుకుంటారు.

ఇప్పుడు ఓటర్ల జాబితా దగ్గరికి వద్దాం. బూత్‌వారీ జాబితా తెచ్చుకుని, పెన్సిల్ పట్టుకుని, ఇంటి నంబరూ పేరూ సరిచూసుకుంటూ వెళ్ళండి. చనిపోయినవాళ్ళ పేర్లు అలాగే ఉంటాయి. ఎప్పుడో ఇల్లు మారినవాళ్ళవీ ఉంటాయి. ఒకే ఇంట్లో తల్లి ఓటు ఒక బూత్‌లో, కొడుకు ఓటు ఇంకో బూత్‌లో కనిపిస్తాయి. పద్దెనిమిది నిండిన పిల్లల పేర్లు చాలా ఇళ్ళలో ఎక్కే ఉండవు. అద్దెకుండేవాళ్ళ సంగతి మరీ అన్యాయం. ఎలాగూ ఇక్కడ ఓటు లేదు కదా అని వాళ్ళ తలుపు ఎవరూ తట్టరు. ఎవరూ తట్టలేదు కాబట్టి వాళ్ళు పేరు నమోదు చేయించుకోరు. మీరు మొదట వెళ్ళాల్సింది ఆ తలుపుల దగ్గరికే. సవరణలకు గడువు ఉంటుంది, అది దాటాక ఎంత మొత్తుకున్నా పేరు ఎక్కదు. అందుకే ఈ పని ప్రచారానికి చాలా ముందు మొదలుకావాలి.

ఒక అమ్మాయి పోటీ చేస్తుంటే నేనూ వెంట తిరిగాను. ఒకింట్లో పెద్దావిడ మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా మా ముందు నడుస్తూ వీధి చివరికి తీసుకెళ్ళింది. పైకి చూపించి, "దీపం వెలుగుతూనే ఉందమ్మా, వెలుగే కిందికి దిగట్లేదు" అంది. చూస్తే, చెట్టు కొమ్మలు దీపాన్ని పూర్తిగా కమ్మేశాయి. దీపాల విభాగానికి ఫిర్యాదు చేస్తే చెట్టు మాది కాదన్నారట. ఉద్యానవన విభాగమేమో దీపం తమది కాదందట. ఆ అమ్మాయి హామీ ఏమీ ఇవ్వలేదు. స్తంభం నంబరు రాసుకుంది, ఆవిడ చేసిన రెండు ఫిర్యాదుల తేదీలు అడిగి రాసుకుంది. మిగతా రోజంతా ఏ ఇంటికి వెళ్ళినా ఆవిడ మాతోనే ఉంది.

కౌన్సిలర్ పని చాలావరకు అలాంటిదే. రెండు విభాగాల మధ్య పడిపోయిన కాగితాన్ని పట్టుకుని, అది కదిలేదాకా వెంటపడాలి. కాబట్టి మండలి చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది తెలియాలి. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ, నగరాలకు అప్పగించదగ్గ పనుల జాబితాగా పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలు పెట్టింది గానీ, వాటిలో ఎన్ని నగరాలకు అప్పగించాలన్నది రాష్ట్రాల ఇష్టం. తాగునీటికి వేరే బోర్డు, స్థలాల అభివృద్ధికి వేరే సంస్థ ఉన్న నగరాలు చాలా ఉన్నాయి. పోలీసులు మన మండళ్ళ కింద ఉండరు. న్యూయార్క్‌లో నగర బడ్జెట్‌ను ఆమోదించేది, భూ వినియోగం మీద ఓటు వేసేది కౌన్సిలే. మీ నగరం బడ్జెట్ పుస్తకం తెచ్చుకుని, మీ వార్డుకు ఏ పద్దు కింద ఎంత రాశారో, అందులో ఎంత ఖర్చయిందో చూడండి. అది చదివిన అభ్యర్థి మాట తీరే వేరుగా ఉంటుంది.

డబ్బు లేకుండా ఎలాగని మీలో చాలామంది అడుగుతారు. న్యూయార్క్‌లో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. అర్హత పొందిన కౌన్సిల్ అభ్యర్థికి నగరవాసి ఒకరు చందా ఇస్తే, అందులో మొదటి 175 డాలర్ల దాకా ప్రతి డాలరుకూ ఎనిమిది డాలర్లు నగర ఖజానా నుంచి వస్తాయి. చిన్న చందాదారుడి గుమ్మం ఎక్కితేనే గిట్టుబాటయ్యేలా చేశారు. మనకూ అలాంటిది రావాలని గట్టిగా కోరుకునేవాళ్ళలో నేనొకణ్ణి. అది వచ్చేదాకా వంద మంది దగ్గర కొంచెం కొంచెం తీసుకోండి, ఒక్కరి దగ్గర అంతా తీసుకోకండి. ఆ ఒక్కరూ రేపు భవన అనుమతి కాగితంతో మీ ముందు కూర్చుంటారు.

ఇంత తిరుగుడు అవసరమా అనుకునేవాళ్ళు ముంబై 2017 ఎన్నికలు చూడండి. 220వ వార్డులో ఇద్దరికీ సరిసమానంగా ఓట్లు పడితే చీటీ తీసి విజేతను తేల్చారు. హైదరాబాద్‌లో 2020లో సగం మంది కూడా ఓటు వెయ్యలేదు. ఇళ్ళలో ఉండిపోయిన ఆ సగాన్ని ఎవరైనా పేరు పెట్టి పిలిచారా అన్నదే నా ప్రశ్న.

ఇరవై ఒక్కేళ్ళు నిండినవాళ్ళు మన దేశంలో పోటీ చేయవచ్చు, కాబట్టి వెనక వరసలో కూర్చున్న చిన్నవాళ్ళు కూడా ఇది తమ కోసమే అనుకోండి. చివరగా ఒక మాట. గెలిచినా ఓడినా ఎన్నికల ఖర్చుల లెక్క గడువులోపల అప్పజెప్పాలి. లేదంటే అనర్హత వేటు పడుతుంది. మొదటి రోజు నుంచే ఒకరికి ఆ పుస్తకం అప్పగించండి, టీ ఖర్చు దగ్గర్నుంచి రాయించండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.