ఉస్తాద్, పండిట్... మరి ఆవిడ?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

హైదరాబాద్‌లో బండి రిపేరుకి వెళ్తే షెడ్డులో పెద్దాయన్ని ఉస్తాద్ అంటారు. కుస్తీ నేర్పేవాడూ ఉస్తాదే, సితార్ విలాయత్ ఖానూ ఉస్తాదే. పారశీకం నుంచి వచ్చిన మాట, గురువు అని అర్థం. హిందుస్తానీ సంగీతంలో దీనికి పరీక్షా లేదు, పట్టా లేదు. తోటి కళాకారులూ రసికులూ అలా పిలవడం మొదలుపెడతారు, అదే నిలిచిపోతుంది. (ఈమధ్య పోస్టర్లలో పాతికేళ్ల కుర్రాళ్ల పేర్ల ముందు కూడా వేసేస్తున్నారు, అది వేరే సంగతి.)

ఆనవాయితీ ఏమిటంటే ముస్లిం అయితే ఉస్తాద్, హిందువైతే పండిట్. మైహర్‌లో అల్లావుద్దీన్ ఖాన్ దగ్గర కొడుకు అలీ అక్బర్, శిష్యుడు రవిశంకర్ కలిసి సాధన చేశారు. నేర్పింది ఒకాయనే, విద్యా ఒకటే, కానీ ఒకరు ఉస్తాద్, ఇంకొకరు పండిట్ అయ్యారు. నేర్పినాయన మాత్రం అందరికీ బాబా. మహారాష్ట్ర వైపు బువా అనే పిలుపు కూడా ఉంది, రామకృష్ణబువా వఝే లాగా.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకోటి. హుబ్లీ పక్కన కుంద్‌గోళ్ అని ఊరు. అక్కడి గాయకుడు రాంభావు గారిని జనం 'సవాయి గంధర్వ' అని పిలిచీ పిలిచీ అసలు పేరే మరిచిపోయారు. ఆయన ఇంట్లోనే ఉండి నేర్చుకున్న భీమ్‌సేన్ జోషీ పండిట్ అయ్యారు. హుబ్లీ నుంచి రైల్లో వచ్చి అదే గురువు దగ్గర నేర్చుకుని వెళ్లే గంగూబాయి హంగల్ మాత్రం గంగూబాయిగానే ఉండిపోయారు. దీనిమీద ఆవిడే చమత్కరించేవారు: మగవాడు ముస్లిమైతే ఉస్తాద్, హిందువైతే పండిట్, మరి కేసర్‌బాయి, మోగూబాయి లాంటి గొప్ప గాయనులు ఎంత పాడినా బాయిలే అని. నవ్వుతూనే అన్నారు గానీ చురక గట్టిదే.

మరాఠీలో 'బాయి' అంటే మర్యాదే, తప్పేం లేదు. ఉత్తరాదిలో మాత్రం ఆ మాట వినగానే కోఠాలో, అంటే ఆటపాటల వేశ్యల మేడలో, పాడే ఆవిడ అనుకునేవారు. అందుకే గజల్ గాయని అఖ్తరీబాయి ఫైజాబాదీ 1945లో ఒక బారిస్టర్‌ని పెళ్లి చేసుకున్నాక బేగం అఖ్తర్ అయ్యారు. చూశారా, మగవాళ్లకి బిరుదు పాట తెస్తే, ఆవిడకి గౌరవం పెళ్లి తెచ్చింది!

ఇప్పుడు ఆడవాళ్ల పేర్ల ముందు 'విదుషి', అంటే పండితురాలు, అని వేస్తున్నారు, మంచిదే. కానీ ఎదురుగా ఎవరూ విదుషీ అని పిలవరు కదా. బెనారస్‌లో గిరిజాదేవిని అప్పాజీ అన్నారు, ముంబైలో కిశోరీ అమోన్‌కర్‌ని తాయీ అన్నారు, రెండూ అక్క అనే. నాకైతే అవే నచ్చుతాయి.

సరే, గంగూబాయి పెద్దవయసులో పాడిన రికార్డు ఒకటి పెడుతున్నాను. గొంతు జబ్బుకి చికిత్స చేయించుకున్నాక ఆవిడ స్వరం బాగా మంద్రమైపోయింది, తెలియనివాళ్లు మగగొంతే అనుకుంటారు. ఆ ఫ్యాన్ కాస్త తగ్గించండి బాబూ.